పేరు దొరకని యాజకుడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ కుర్చీకి వీపు ఆనించి కూర్చునేవాళ్ళు కాదు. అది మా నానమ్మ నేర్పిన పద్ధతి. గోదావరి ఒడ్డున మాకు పన్నెండు గదుల బంగళా ఉండేది. ఆ ప్రాంతంలో మిషనరీ దొరల చేతుల మీదుగా క్రైస్తవ గురువుగా అభిషేకం పొందిన తొలి తెలుగువాడు మా ముత్తాత. ఆయన రాకుండా ఏ ఇంట్లోనూ పెళ్ళి ప్రార్థన గానీ చావు ప్రార్థన గానీ మొదలయ్యేది కాదట. నాకు ఊహ తెలిసేసరికి బంగళా దావాలో చిక్కుకుంది. గుర్రబ్బండి చక్రాలు పశువుల కొట్టంలో పడి ఉన్నాయి. వెండి గిన్నెలు ఒక్కొక్కటిగా బీరువా దాటి వెళ్ళిపోయాయి. వీపు మాత్రం మిగిలింది. నాకు దక్కిన ఆస్తి అదే కాబట్టి దాన్ని జాగ్రత్తగా నిలబెట్టుకున్నాను. ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డాను. మస్కట్‌లోని అల్ ఖువైర్‌లో ఈ మాటలు రాస్తున్న కుర్చీకీ నా వీపుకీ మధ్య ఇప్పటికీ జానెడు ఖాళీ ఉంది.

మా అమ్మ ఒమన్‌లో నర్సుగా చేరినప్పుడు నాకు పదకొండేళ్ళు. నాన్న దావా కాగితాలతో ఊళ్ళోనే ఉండిపోయాడు. అమ్మను రుస్తాఖ్ ఊరి ఆసుపత్రికి వేశారు. అక్కడ ఊరి చివర, ఖర్జూరపు తోటల పక్కన, ఒక అరబ్బు ముసలాయన కట్టించిన పొడుగాటి ఇంట్లో తెలుగు నర్సులు కొందరు గదికి ఇద్దరు చొప్పున అద్దెకు ఉండేవాళ్ళు. మధ్యలో ఉన్న పెద్ద హాలు, దాని వెనక గది మేట్రన్ పెద్దమ్మవి. ఆవిడది నరసాపురం. ఆసుపత్రిలో నర్సులందరికీ పెద్ద. పొట్టిగా, గుండ్రంగా ఉండేది. నన్ను "ఏమే దొరసానీ" అని పిలిచేది. ఆ పిలుపులో ఎగతాళి ఉందని అందరికీ తెలుసు. నేను మాత్రం దాన్ని మర్యాదగానే తీసుకునేదాన్ని.

ఆ రోజుల్లో ఆ ఊళ్ళో నేను చదవదగ్గ బడి లేదు. అమ్మ డ్యూటీకి వెళ్తే తలుపు గడియ పెట్టుకుని చదువుకోవాలి. చదువు గంటలో అయిపోయేది. మిగతా పొద్దంతా కిటికీ చువ్వల్లోంచి మనుషుల్ని చూసేదాన్ని. చూసినకొద్దీ ఎవరిమీదా నమ్మకం కలిగేది కాదు. చేపలు అమ్మేవాడు త్రాసు కింద వేలు పెడుతున్నాడని, నీళ్ళ లారీ డ్రైవరు సగం ట్యాంకే నింపి వెళ్ళిపోతున్నాడని, ఎదురు వీధిలో బిల్డింగ్ కడుతున్న కంపెనీ మనుషులు మా ఇంటివైపే చూస్తున్నారని సాయంత్రం అమ్మకు వరసగా చెప్పేదాన్ని. అమ్మ బూట్లు విప్పుకుంటూ ఊఁ కొట్టేది. ఒకప్పుడు వందమంది తలవంచిన ఇంటి పిల్లను కాబట్టి మనుషుల్ని చదవడం నాకు పుట్టుకతో వచ్చిందని నా నమ్మకం.

శుక్రవారం సెలవు. ఆ రోజు పొద్దున పదింటికి పెద్దమ్మ హాల్లో తెలుగు ప్రార్థన జరిగేది. పాటలు మా అమ్మే ఎత్తుకునేది. మూడు నెలలకు ఒకసారి మస్కట్ నుంచి పాస్టరు అయ్యగారు వచ్చి ప్రభు బల్ల ఇచ్చేవారు. యేసు చివరి భోజనానికి గుర్తుగా రొట్టె ముక్క, ద్రాక్షరసం. దానికి ఒక కట్టడి ఉండేది. సొంత ఊరి సంఘం నుంచి "ఇతను మా సభ్యుడు, బాప్తిస్మం పొందినవాడు" అని రాసిన పత్రం తెచ్చినవాళ్ళకే బల్ల. పత్రం లేనివాళ్ళు గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన వేసిన చాప మీద కూర్చుని వాక్యం విని వెళ్ళాలి. ఈ కట్టడి ఊరికే రాలేదు. అంతకు ముందు ఒకతను ప్రార్థనకని వచ్చి, కన్నీళ్ళతో సాక్ష్యం చెప్పి, నలుగురు నర్సుల పాస్‌పోర్టులు పట్టుకుని మాయమయ్యాడట. అప్పటినుంచి ఎవరు వచ్చినా ముందు పత్రం అడిగేవాళ్ళు. పత్రాలన్నీ పెద్దమ్మ మంచం కింద ఒక బిస్కెట్ల రేకు డబ్బాలో ఉండేవి.

మేస్త్రీ మా రెండో చలికాలంలో వచ్చాడు. ఎదురు బిల్డింగ్‌లో తాపీ పని. మెదక్ దిక్కు మనిషి. నలభై ఏళ్ళుంటాయి. ఉతికిన చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని, గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు. పెద్దమ్మ పత్రం అడిగింది.

"లేదమ్మా. మా తాత ఉపదేశి ఉండె. ఊరూరు తిరిగి వాక్యం చెప్పెటోడు. మా గుడి దస్తరంల మా అందరి పేర్లుండె గానీ దాన్ని చెదలు తినె. మా ఊరి అయ్యగారికి రెండు ఉత్తరాలు రాసిన, జవాబు లేదు. నేను బల్ల తీసుకోక ఆరేండ్లాయె."

హాల్లో ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెదలు అనేది అతనికి బాగా అనుకూలమైన మాటగా అందరికీ తోచింది. నాకైతే ఇంకా ఎక్కువ తోచింది. మా ఇంట్లో ఒక గురువు ఉన్నాడంటే దానికి ఫొటో ఉంది, సమాధి మీద రాయి ఉంది. తాత ఉపదేశి అని నోటితో చెప్పేవాడికి ఏముంది? పెద్దమ్మ మాత్రం, "అయ్యగారు వచ్చినప్పుడు అడుగుదాం, కూర్చో నాయనా," అని చాప చూపించింది. అతను కూర్చున్నాడు. ఆ తర్వాత ఒక్క శుక్రవారం కూడా మానలేదు.

నేను అతన్ని వదలలేదు. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే అతను తెరిచి ఉంచేవాడు. ఈ సంగతి నాకు తెలిసిందంటే నా కళ్ళు కూడా తెరిచే ఉన్నాయని అర్థం. ఆ ఆలోచన అప్పుడు నాకు రాలేదు. అతను గోడల వంక చూసేవాడు. భోజనాలప్పుడు మగవాళ్ళు వరండాలో కూర్చునేవాళ్ళు. ఆ వరండా గోడకు అవతల మా గది. గోడను ఆనుకుని నా మంచం. అతను పళ్ళెం కింద పెట్టి, వేలి కణుపుతో ఆ గోడను టకటక కొట్టి చెవి ఆనించేవాడు. ఒకసారి దారానికి కట్టిన ఇనప గుండు జేబులోంచి తీసి గోడ పక్కన వేలాడదీశాడు. మర్నాడు చూస్తే గోడ మీద పెన్సిలు గీతలు ఉన్నాయి, సరిగ్గా నా తల ఉండే చోట.

గోడకు అవతల ఏముందో, ఎంత మందం ఉందో కొలుచుకుంటున్నాడని నేను తేల్చేశాను. అమ్మకు చెప్పాను. "మేస్త్రీలు గోడలు కాక ఇంకేం చూస్తారే," అంది. అంత తేలిగ్గా తీసేసిందంటే అమ్మ కూడా మోసపోతోందని అనుకున్నాను.

ఆ నెలాఖరు శుక్రవారం అయ్యగారు వస్తారని కబురొచ్చింది. ఆ మర్నాడే మేస్త్రీ గ్యాంగును కంపెనీవాళ్ళు దక్షిణాన ఎక్కడో ఎడారిలో కొత్త సైట్‌కు పంపేస్తున్నారు. రెండేళ్ళ పని. అక్కడ తెలుగు ప్రార్థన కాదు గదా, బయటి మనిషి మొహమే కనబడదట. ఈ శుక్రవారం బల్ల అందకపోతే అతనికి ఇంకో రెండేళ్ళు అందదు. ఆ సంగతి అతను పెద్దమ్మతో చెప్పుకుంటుంటే నేను తలుపు చాటున విన్నాను. ఆమె గొంతు తగ్గించి ఏదో అంది. అతను తలూపాడు. నా అనుమానానికి అది చాలు.

గురువారం మధ్యాహ్నం అమ్మ, పెద్దమ్మ ఇద్దరూ డ్యూటీలో ఉన్నారు. నేను మంచం మీద పడుకుని ఉండగా గోడలోంచి చప్పుడు వచ్చింది. ఠంగ్, ఠంగ్. తలకు అవతల ఎవరో ఉలి పెట్టి కొడుతున్నారు. కిటికీలోంచి చూస్తే మేస్త్రీ. వరండాలో మోకాళ్ళ మీద కూర్చుని, సుత్తితో గోడ పగలగొడుతున్నాడు. సిమెంటు పెచ్చులు అతని చుట్టూ పడి ఉన్నాయి.

అరబ్బీలో నాకు వచ్చిన నాలుగు ముక్కల్లో ఒకటి దొంగ అనే మాట. "హరామీ! హరామీ!" అని ఇంటి ఓనరు దాకా వినబడేలా అరిచాను. ఆ ముసలాయన కర్ర పట్టుకుని తోటలోంచి వచ్చాడు. మేస్త్రీ లేచి నిలబడి, చేతులు చూపిస్తూ, హిందీ తెలుగు కలిపి ఏదో చెప్పబోయాడు. ముసలాయనకు పగిలిన గోడ కనిపిస్తోంది, నేను ఏడుస్తున్నాను. ఆయనకు ఇంకేం కావాలి? మేస్త్రీ చొక్కా పట్టుకుని ఎదురు సైట్‌కు తీసుకుపోయి ఫోర్‌మన్‌కు అప్పగించాడు. సాయంత్రానికి తీర్పు వచ్చింది. కంపెనీ పరువు తీశాడు కాబట్టి లారీ ఎక్కేదాకా మేస్త్రీ రూమ్ దాటకూడదు. శుక్రవారం కూడా.

ఆ సాయంత్రం నేను వీపు నిటారుగా పెట్టుకుని పెద్దమ్మ కోసం ఎదురుచూశాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆవిడ పగిలిన గోడ చూసింది, నన్ను చూసింది. తిట్టలేదు. మెచ్చుకోనూ లేదు.

"నీ దస్తూరీ బాగుంటుంది కదే దొరసానీ," అంది. "రేపు అయ్యగారికి పేర్ల జాబితా ఇవ్వాలి. డబ్బాలోంచి ఒక్కొక్క పత్రం తీసి, చూసి, పేరు రాయి. పత్రం లేకుండా ఒక్క పేరు కూడా రాయకు. నీలాంటి గట్టిదానివే ఈ పనికి కావాలి."

రేకు డబ్బా నా ఒళ్ళో పెట్టింది. నాకు జరిగిన మర్యాదల్లో అంత పెద్దది అంతకు ముందు లేదు. గీతలు కొట్టి, గడులు చేసి, ఒక్కొక్క పత్రం విప్పి రాయడం మొదలుపెట్టాను. ఒకరి పత్రం మీద గుడి ముద్ర సరిగా పడలేదు. ఇంకొకరి దాంట్లో తండ్రి పేరు కొట్టేసి మళ్ళీ రాసి ఉంది. అలాంటి వాటి పక్కన చిన్న చుక్క పెట్టాను. డబ్బా అడుగు కనిపించింది. మా పత్రం రాలేదు.

మొదటినుంచి మళ్ళీ చూశాను. కాగితం కాగితానికి అంటుకుందేమోనని వేళ్ళతో విడదీసి చూశాను. డబ్బా బోర్లించి కొట్టాను. బిస్కెట్ల పొడి రాలింది. అప్పుడు నాకు తోచిన ఆలోచన చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గానీ చెబుతాను. పెద్దమ్మే తీసేసిందనుకున్నాను. మా వంశం అంటే ఈమెకు కుళ్ళు అనుకున్నాను. డబ్బా పట్టుకుని వంటగదిలోకి వెళ్ళి, "మా పత్రం ఎక్కడ దాచారు?" అని అడిగాను.

ఆవిడ చేపముక్కలకు పసుపు పట్టిస్తోంది. తలెత్తలేదు. "నన్ను అడగకే. మీ అమ్మను అడుగు."

అమ్మ మర్నాటి యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది. అడిగాను. ఇస్త్రీపెట్టె బట్ట మీదే ఆగిపోయింది. కాలిన వాసన వచ్చాక ఎత్తింది. తర్వాత, ఏ గొంతుతో రోజూ అన్నానికి పిలుస్తుందో ఆ గొంతుతోనే చెప్పింది. బంగళా మా సొంతం కాదు, సంఘానిది. ముత్తాతకు గురువుగా ఉన్నన్నాళ్ళు ఉండమని ఇచ్చారు. ఖాళీ చెయ్యమన్నప్పుడు తాతయ్య సంఘం మీదే దావా వేశాడు. దేవుడి ఇంటిని కోర్టుకు ఈడ్చాడని సంఘం మా కుటుంబం మొత్తాన్ని సభ్యుల పుస్తకంలోంచి కొట్టేసింది. నేను పుట్టకముందే. అమ్మ పత్రం అడిగితే, దావా వెనక్కి తీసుకున్న రోజున ఇస్తామన్నారు. నాన్న తీసుకోలేదు.

"పెద్దమ్మకు తెలుసా?"

"మొదటి రోజే చెప్పాను. మీ పత్రం దారిలో ఉందనుకుంటాలే, పాట ఎత్తుకో అంది."

అంటే మా చోటు చెప్పుల పక్కన. రెండేళ్ళుగా మేము ముందు వరసలో కూర్చున్నది ఒక నరసాపురం ఆడమనిషి దయ మీద. నాకు దయ అంటే గిట్టదు. దావాకన్నా, పోయిన బంగళాకన్నా నాకు అదే ఎక్కువ అవమానంగా తోచింది. జాబితా తీసుకెళ్ళి పెద్దమ్మ ముందు పెట్టి, "మా పేరు రాయలేదు. రేపటి నుంచి మేమూ గుమ్మం దగ్గరే కూర్చుంటాం," అన్నాను.

"కూర్చుందువుగాని. ముందు ఇలా కూర్చో," అని పీట లాగింది. చేతులు కడుక్కుని బైబిలు గ్రంథం తీసింది గానీ తెరవలేదు. కథ నోటితోనే చెప్పింది.

బబులోను చెర నుంచి యూదులు సొంత ఊరికి తిరిగి వచ్చినప్పుడు యాజకుల కుటుంబాలన్నిటినీ వంశావళి పుస్తకంలో సరిచూశారట. హక్కోజు అనే ఆయన ఇంటివాళ్ళు కూడా వచ్చి మేమూ యాజకులమే అన్నారు. వెదికారు. పేరు దొరకలేదు. అంతే, వాళ్ళను పక్కన పెట్టేశారు. యాజక సేవ లేదు. దేవుడి సన్నిధిలో పెట్టిన పవిత్రమైన ఆహారం ముట్టుకోకూడదు. దేవుణ్ణి అడిగి తేల్చి చెప్పగల యాజకుడు ఒకడు వచ్చేదాకా ఆగమన్నారు.

"వచ్చాడా?" అన్నాను.

"వచ్చినట్టు ఎక్కడా రాయలేదు."

తర్వాత చాలా ఏళ్ళకు యెరూషలేము గోడ కట్టడం మొదలైంది. ఎవరెవరు ఏ ముక్క కట్టారో వరసగా పేర్లు రాసి పెట్టారు. ఆ పేర్లలో మెరేమోతు అని ఒకడున్నాడు. ఊరియా కొడుకు, హక్కోజు మనవడు. ఒక ముక్క బాగుచేశాడు. అక్కడితో ఆగక, వరసలో ముందుకెళ్ళాక ఇంకో ముక్క కూడా తీసుకున్నాడు. ఆ రెండో ముక్క ఎక్కడిదో చెప్పేటప్పుడు పెద్దమ్మ వేలు ఎత్తింది. ప్రధాన యాజకుడి ఇంటి గుమ్మం నుంచి ఆ ఇంటి చివరిదాకా. యాజకులు ఎవరో, కారో తేల్చే వాళ్ళందరికీ పెద్ద అయినవాడి ఇంటి ముందు గోడ.

నాకు వెంటనే అనుమానం వచ్చింది. "ఆ హక్కోజు, ఈ హక్కోజు ఒకడేనని ఏమిటి నమ్మకం?"

పెద్దమ్మ ఫక్కున నవ్వింది. "ప్రమాణం చెయ్యమంటే నేను చెయ్యలేనమ్మా. పేరు ఒకటే. గ్రంథం అంతకన్నా చెప్పలేదు. ఆ మెరేమోతు చేతికే గుడి వెండి బంగారు పాత్రలు కూడా అప్పగించారని ఇంకోచోట ఉంది. వాళ్ళను మళ్ళీ లోపలికి ఎవరు రానిచ్చారో, ఏ కాగితం చూసి రానిచ్చారో నాకు తెలీదు. గోడ కట్టాడన్నది మాత్రం రాసి ఉంది."

అప్పుడు నా చెయ్యి పట్టుకుని మా గదిలోకి తీసుకెళ్ళింది. గరిటె కాడతో నా మంచం ఆనుకున్న గోడ మీద కొట్టింది. తర్వాత పక్క గోడ మీద కొట్టింది. రెండు చప్పుళ్ళూ ఒకటి కావు. పక్క గోడ రాయి, నా గోడ ఖాళీ కుండ. మిద్దె మీది ట్యాంకు నుంచి కారిన నీళ్ళు ఎన్నాళ్ళుగానో గోడలోకి దిగి లోపల సిమెంటు ఇటుకలు నానిపోయాయి. గోడ పొట్ట ఉబ్బింది, ఇటువైపుకు. మేస్త్రీ మొదటి శుక్రవారమే కనిపెట్టాడు. ఇవతల ఎవరు పడుకుంటారని అడిగాడు. చిన్నపిల్ల అని చెప్పిందట. సైట్ మారేలోపు కట్టేసి పోతానన్నాడు. ఓనరుకు చెబితే ఇల్లు ఖాళీ చెయ్యమంటాడేమోనని భయపడి, సద్దు చెయ్యకుండా కానియ్యమని పెద్దమ్మే అంది.

"నీకు ముందే చెప్పి ఉండాల్సింది. అందులో తప్పు నాది," అంది. "రేపు పొద్దున ఫోర్‌మన్ దగ్గరికి వెళ్తున్నాను. నువ్వు రావాలని నేను అనను."

మా ఇంట్లో వీపు నేర్పారు గానీ తప్పయిపోయిందని చెప్పడం నేర్పలేదు. నేనెరిగినంతలో ఆ మాట మా వాళ్ళెవరూ బయటివాళ్ళతో అనలేదు. అని ఉంటే బంగళా పోయినా పేరు మిగిలేదేమో. ఆ రాత్రి అమ్మ నా మంచాన్ని గది అవతలి మూలకు జరిపింది.

పొద్దున్నే కంపెనీ రూముల దగ్గరికి వెళ్ళాం. సెలవు రోజు కాబట్టి అందరూ బయటే ఉన్నారు. బట్టలు ఉతుకుతున్నారు, గడ్డాలు గీసుకుంటున్నారు. మమ్మల్ని చూసి చుట్టూ చేరారు. ఫోర్‌మన్ మలయాళీ. పెద్దమ్మ హిందీలో సంగతి మొదలుపెట్టింది గానీ ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "చూసింది ఈ పాప కదా, ఈ పాపనే చెప్పనివ్వండి," అన్నాడు. నాకు వచ్చిన హిందీ తక్కువ. అతను దొంగ కాదు, నేను అబద్ధం చెప్పాను, అని చెప్పాను. అబద్ధం కాదు, పొరపాటు అని ఉండాల్సింది. ఆ మాట హిందీలో రాలేదు. రాకపోవడమే మంచిదైంది.

మేస్త్రీ బకెట్టు దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతులకు సబ్బు నురగ. లేచి వచ్చాడు. ఫోర్‌మన్ ఏమంటావన్నట్టు చూస్తే, నా వైపు తిరిగి తెలుగులో అన్నాడు.

"ఏందమ్మా, మస్తు మొత్తుకున్నవు గదా నిన్న. ఆ గోడ కూలినా గంత సప్పుడు గాకపోవు."

చుట్టూ ఉన్న తెలుగువాళ్ళు నవ్వారు. నా మొహం కాలిపోయింది. అతను ఫోర్‌మన్‌తో హిందీలో ఏదో చెప్పాడు. నా కళ్ళు మంచివని, ఇలాంటి పిల్ల ఇంటికి ఒకతి ఉంటే తాళం అక్కర్లేదని అన్నట్టు తర్వాత పెద్దమ్మ చెప్పింది. ఫోర్‌మన్ సాయంత్రం దాకా వదిలాడు.

పదింటికి అయ్యగారు వచ్చారు. పొడుగ్గా, కళ్ళజోడు చివరనుంచి చూసే మనిషి. పద్ధతికి కట్టుబడినవారని పేరు. పెద్దమ్మ నేను రాసిన జాబితా ఆయన చేతికిచ్చింది. ఆయన చదువుతూ చివరికొచ్చి ఆగారు. రాత్రి నేనే అడుగున ఒక గీత కొట్టి, పత్రం లేనివాళ్ళు అని రాసి, కింద మూడు పేర్లు పెట్టాను. అమ్మ పేరు, నా పేరు, మేస్త్రీ పేరు. ఈ పని నేను ఎవరినీ అడగకుండా చేశాను. అమ్మను కూడా.

"ఇదేమిటమ్మా," అన్నారు అయ్యగారు అమ్మను చూసి, "మీకు పత్రం లేదా?"

హాలంతా తిరిగి చూసింది. రెండేళ్ళుగా అమ్మ గొంతు వెనక గొంతు కలిపి పాడినవాళ్ళు. అమ్మ నా వంక చూడలేదు. అది కోపమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. లేచి నిలబడి, దావా సంగతి, సంఘం కొట్టేసిన సంగతి నాలుగు ముక్కల్లో చెప్పింది. చెప్పి కూర్చోలేదు. ఆయన తల పంకించి, గుమ్మం దగ్గరున్న మేస్త్రీని అడిగారు.

"మీ తరఫున సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"ఈడ నాకెవరుంటరు అయ్యగారూ," అన్నాడతను. "రేపు పొద్దుగాల లారీ ఎక్కాలె. ఇచ్చేదుంటే ఇయ్యుండ్రి, లేకుంటే వాక్యం ఇని పోత."

ఎవరూ కదల్లేదు. పాస్‌పోర్టుల దొంగ వాళ్ళందరికీ గుర్తున్నాడు. వాళ్ళను నేను తప్పుపట్టను. అప్పుడు ఇంకా నిలబడే ఉన్న అమ్మ, "నేను చెబుతాను సాక్ష్యం," అంది.

అయ్యగారు ఇబ్బందిగా కళ్ళజోడు సర్దుకున్నారు. "పత్రం లేనివాళ్ళ సాక్ష్యం పత్రం లేనివాళ్ళకు ఎలా చెల్లుతుందమ్మా?"

"ఆవిడకు నేను సాక్షిని," అంది పెద్దమ్మ కూర్చున్నచోటినుంచే. "నా పత్రం డబ్బాలో అన్నిటికన్నా పైన ఉంది. ముద్ర కూడా సరిగా పడింది. కావాలంటే ఈ పిల్లను అడగండి, చుక్క పెట్టలేదు."

అయ్యగారు నావైపు చూశారు. నేను నిలబడి, "పెట్టలేదండి," అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు గానీ, జాబితా మడిచి గ్రంథంలో పెట్టుకున్నారు. కాసేపు కళ్ళు మూసుకున్నారు. ఆయన దేవుణ్ణి అడిగారో లేదో, ఏ సమాధానం వచ్చిందో నాకు తెలియదు. కళ్ళు తెరిచి, "అందరూ రండి," అన్నారు.

నాకు ఇంకా బల్ల తీసుకునే వయసు రాలేదు కాబట్టి గోడ పక్కన నిలబడి చూశాను. మేస్త్రీ అందరికన్నా వెనక వచ్చాడు. సున్నం తిన్న వేళ్ళు, గోళ్ళ చుట్టూ పగుళ్ళు. రొట్టెముక్క తీసుకున్నాడు. అది కింద పడకుండా రెండో చెయ్యి కింద పట్టాడు. గిన్నె పెదాలకు తగిలినప్పుడు కూడా అతను కళ్ళు మూసుకోలేదు. నేను మూసుకున్నాను. ఎందుకో ఆ క్షణంలో అతన్ని చూడటం తప్పనిపించింది.

భోజనం అయ్యాక చొక్కా విప్పి, బనీనుతో వరండాలో దిగాడు. నానిన ఇటుకలు తీసి, కొత్తవి పేర్చి, పొద్దు వాలేదాకా కట్టాడు. ఇంటి ఓనరు వచ్చి కర్ర మీద చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఖాళీ చెయ్యమనలేదు. మేస్త్రీకి ఖర్జూరపు గెల ఇచ్చాడు. నేను నీళ్ళు మోసి ఇచ్చాను. మేస్త్రీ చెప్పాడని కాదు, ఎవరూ చెప్పలేదు. మర్నాడు లారీ వెళ్ళిపోయింది. అతన్ని మళ్ళీ చూడలేదు.

తర్వాత నేను ఆ పేరు కోసం గ్రంథమంతా స్వయంగా వెదికాను. ఒకరు చెబితే నమ్మే పిల్లను కాదు కదా. పెద్దమ్మ చెప్పినవన్నీ ఉన్నాయి. చెప్పనిది ఏదీ లేదు. మెరేమోతు ఒక్క మాట మాట్లాడినట్టు కూడా ఎక్కడా లేదు.

నా అనుమానం పోయిందని చెబితే అది అబద్ధం. ఇప్పుడు మస్కట్‌లో మా తెలుగు సంఘానికి కొత్తగా వచ్చినవాళ్ళ పత్రాలు చూసేది నేనే. ముద్ర చూస్తాను, సంతకం చూస్తాను, తారీఖు చూస్తాను. ఆ పని ఎవరో ఒకరు చెయ్యాలి, నాకు చేతనవుతుంది. చాలామంది నా ముందు నిలబడటానికి జంకుతారని తెలుసు. ఎడారి సైట్ల నుంచి, నిజ్వా అవతలి ఊళ్ళ నుంచి నాలుగు గంటలు బస్సులో కూర్చుని వచ్చి, పత్రం లేదమ్మా అని గుమ్మంలో ఆగిపోయేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకు నేను కుర్చీ చూపిస్తాను. ఏ ఊరు, ఎవరి పిల్లలు అని అడగబోయే ముందు, నా ముత్తాత గురువని చెప్పాలన్న కోరికను గొంతులోనే ఆపుకుని, ఇంకో మాట చెబుతాను.

"మాకూ పత్రం ఉండేది కాదు. కూర్చోండి."